జుట్టు మార్పిడి చేయించుకున్న ఆరో వారంలో నాటిన వెంట్రుకలన్నీ రాలిపోతే శస్త్రచికిత్స విఫలమైనట్టేనా?

మీరు అడిగిన విషయాల సారాంశం ఇది. మీ వయస్సు 29. తల వెనుక నుంచి వెంట్రుకల గుచ్ఛాలను ఒక్కొక్కటిగా తీసి నాటే ఎఫ్‌యూఈ పద్ధతిలో 2,800 గ్రాఫ్టులు, అంటే అటువంటి గుచ్ఛాలు, నాటించుకుని ఆరు వారాలైంది. మొదట్లో నిలిచిన వెంట్రుకలు మూడో వారం నుంచి రాలడం మొదలై ఇప్పుడు దాదాపు అన్నీ పోయాయి. నాటిన చోటుకు వెనుకవైపు మొదటి నుంచీ ఉన్న సొంత జుట్టు కూడా పలచబడింది, తల వెనుక భాగం మొద్దుబారినట్టుగా ఉంది. క్లినిక్‌వారు ఇదంతా మామూలేనని ఒక్క మాటతో సరిపెట్టారు. శస్త్రచికిత్స విఫలమైందా, బట్టతలకు వాడే ఫినాస్టరైడ్ మాత్ర ఇక మానేయవచ్చా, హెల్మెట్ ఎప్పుడు పెట్టుకోవాలి, తిరుమలలో తలనీలాల మొక్కు ఎప్పుడు తీర్చుకోవచ్చు అని అడిగారు. 22 ఏళ్ల మీ తమ్ముడు కూడా చేయించుకోవాలని తొందరపడుతున్నాడని రాశారు. చర్మవైద్యుడిగా చాలా ఏళ్లుగా ఈ శస్త్రచికిత్స చేస్తూ, చేయించుకున్నవారిని ఆ తరువాత ఏడాదికి పైగా గమనిస్తూ వచ్చిన అనుభవంతో ఒక్కొక్కటిగా చెబుతాను.

విఫలమైందని ఆరో వారంలో ఎవరూ తేల్చలేరు. మీరు వర్ణించిన తీరును బట్టి చూస్తే జరగవలసిన క్రమంలోనే జరుగుతోంది. రాలినది పైకి కనిపించే వెంట్రుక మాత్రమే, దాన్ని పుట్టించే కుదురు చర్మం లోపల నాలుగైదు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. తల వెనుక నుంచి తీసినప్పుడు ఆ కుదురుకు రక్తసరఫరా పూర్తిగా తెగిపోతుంది. కొత్త చోట నాటిన మొదటి రెండు మూడు రోజులు అది చుట్టూ ఊరే ద్రవం నుంచే ప్రాణవాయువును, పోషకాలను తీసుకుని బతుకుతుంది, ఆ తరువాత గానీ సన్నని రక్తనాళాలు దాన్ని చేరుకోవు. ఈ తాకిడికి కుదురు పెరుగుదలను ఆపి విశ్రాంతి దశలోకి జారుకుంటుంది, మోస్తున్న వెంట్రుకను వదిలేస్తుంది. వరి నాటు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు: మడి నుంచి పీకి నాటిన నారు కొన్నాళ్లు పసుపు తిరిగి వాలిపోతుంది, వేరు పట్టాకే పచ్చబడుతుంది. రాలిన వెంట్రుక కొసన తెల్లని చిన్న బుడిపె కనిపించగానే కుదురే ఊడివచ్చిందని చాలామంది భయపడతారు. విశ్రాంతి దశకు చేరిన ఏ వెంట్రుకకైనా అడుగున అటువంటి బుడిపె ఉంటుంది. నిజంగా గ్రాఫ్టు ఊడితే రక్తం కనిపిస్తుంది, అదీ మొదటి వారం పది రోజుల్లోనే తప్ప ఆరో వారంలో కాదు.

ఈ విశ్రాంతి సుమారు మూడు నెలలు సాగుతుంది. కాబట్టి మూడో నెల చివర అద్దంలో మీ తల శస్త్రచికిత్సకు ముందు ఉన్నట్టుగానో, అంతకంటే పలచగానో కనిపించే అవకాశం ఉంది. మనసు అన్నిటికంటే ఎక్కువగా కుంగేది ఈ దశలోనే, తెలియనివారి సలహాతో అనవసరమైన ఇంజెక్షన్లకూ నూనెలకూ డబ్బు పోసేదీ ఈ దశలోనే. మూడు నాలుగు నెలల మధ్య మొదటి మొలకలు వస్తాయి. అవి సన్నగా, కొన్ని వంకరగా, రంగు తక్కువగా ఉంటాయి, అన్నీ ఒకేసారి రావు, ఒక పక్క ముందుగా ఇంకో పక్క ఆలస్యంగా రావడం కూడా సహజమే. ఆరో నెలకు రాదగినదానిలో సుమారు సగం కనిపిస్తుంది. తొమ్మిది, పది నెలలకు వెంట్రుక మందం పెరిగి రూపు మారుతుంది, పన్నెండో నెలకు ముందుభాగం ఫలితం తేలుతుంది. నడినెత్తి మీద సుడి ఉన్న చోట నాటితే పదిహేను నుంచి పద్దెనిమిది నెలలు పట్టవచ్చు. రోజూ అద్దం ముందు నిలబడి లెక్కపెట్టడం మానివేసి, నెలకు ఒకసారి, ఒకే గదిలో, ఒకే వెలుతురులో, తడి లేని జుట్టుతో, ముందు నుంచి, పై నుంచి, రెండు పక్కల నుంచి, వెనుక నుంచి ఫోటోలు తీసి ఉంచుకోండి. సందేహం వచ్చినప్పుడు జ్ఞాపకం కంటే అవే నమ్మదగిన ఆధారం.

సొంత జుట్టు పలచబడటాన్ని షాక్ లాస్ అంటారు. నాటడానికి వేసిన వేలాది సన్నని గాట్లు, అక్కడ ఇచ్చిన ఇంజెక్షన్లు, వాపు ఇవన్నీ కలిసి చుట్టుపక్కల ఉన్న కుదుళ్లను కూడా విశ్రాంతి దశలోకి నెడతాయి. వాటిలో బలంగా ఉన్నవి మూడు నాలుగు నెలల్లో తిరిగి మొలుస్తాయి. అయితే బట్టతల ప్రక్రియలో అప్పటికే చిక్కి శల్యమై చివరి దశకు చేరిన కొన్ని వెంట్రుకలు ఇక తిరిగి రాకపోవచ్చు. మీ మాత్ర ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది.

పురుషుల్లో వచ్చే సాధారణ బట్టతలకు కారణం డీహెచ్‌టీ అనే హార్మోను పట్ల నుదుటి పైభాగంలోనూ నడినెత్తిలోనూ ఉన్న కుదుళ్లకు పుట్టుకతో వచ్చిన సున్నితత్వం. తల వెనుక, చెవుల పైన ఉన్న కుదుళ్లకు ఆ సున్నితత్వం లేదు. వెనుక నుంచి తెచ్చిన కుదురు ఎక్కడ నాటినా తన పాత గుణాన్నే నిలుపుకుంటుందని న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రచురించారు. ఈ చికిత్స మొత్తం ఆ సూత్రం మీదే నిలబడి ఉంది. మీకు నాటినవి చాలాకాలం నిలుస్తాయి, కానీ వాటి వెనుక ఉన్న మీ సొంత జుట్టుకు ఆ రక్షణ లేదు. మార్పిడి బట్టతలను ఆపదు, ఖాళీ అయిన చోటును నింపుతుందంతే. 29 ఏళ్లకు ఆ ప్రక్రియ ముగిసిపోయి ఉండే అవకాశం చాలా తక్కువ. మందు మానేస్తే కొన్నేళ్లలో ముందు వరుస ఒత్తుగా, దాని వెనుక ఖాళీగా, ఆ వెనుక మళ్లీ జుట్టుగా కనిపించే పరిస్థితి రావచ్చు. చక్కగా నాటిన తలలు కూడా ఐదారేళ్లకు అసహజంగా కనిపించడానికి నేను చూసిన ప్రధాన కారణం ఇదే, అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్రను మీకు ఇబ్బంది లేనంతవరకు కొనసాగించండి. బట్టతలకు ఈ మాత్రను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అనుమతించింది. మానేస్తే అది నిలిపి ఉంచిన జుట్టు ఏడాదిలోపు పోతుంది. దుష్ప్రభావాలను కూడా దాచకుండా చెప్పాలి. కొద్దిమందిలో లైంగిక కోరిక, అంగస్తంభన, వీర్య పరిమాణం తగ్గుతాయి, కొందరిలో మనసు దిగులుగా మారుతుంది. సాధారణంగా మందు ఆపితే ఇవి తగ్గుతాయి గానీ, ఆపిన తరువాత కూడా కొనసాగాయని చెప్పేవారున్నారు. వారి మాటను కొట్టిపారేయడం వైద్యుడికి తగదు. అటువంటి మార్పు కనిపిస్తే సిగ్గుపడి దాచుకోకుండా మందు రాసిన వైద్యుడికి వెంటనే చెప్పండి. ఈ మాత్ర వాడుతున్నంతకాలం, మానిన తరువాత కనీసం ఒక నెల వరకు రక్తదానం చేయకూడదు. గర్భిణులు విరిగిన మాత్రను చేతితో తాకకూడదు. పెద్ద వయస్సులో ప్రోస్టేటు కోసం చేసే పీఎస్‌ఏ పరీక్ష విలువను ఇది సుమారు సగానికి తగ్గించి చూపిస్తుంది కాబట్టి, అప్పటికీ వాడుతుంటే ఆ సంగతి చెప్పాలి. బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నట్టయితే కూడా ముందుగా వైద్యుడితో మాట్లాడండి. జుట్టు పెరగడానికి తలకు రాసే మినాక్సిడిల్ ద్రావణం వాడుతూ ఆపి ఉంటే, చర్మం పూర్తిగా మాని పక్కులు లేవని మీ వైద్యుడు చూశాక తిరిగి మొదలుపెట్టవచ్చు. మొదటి వారాల్లో అది కూడా కొంత జుట్టును రాల్చుతుందని ముందే తెలిసి ఉండాలి. బయోటిన్ అనే విటమిన్ లోపం లేనివారికి బయోటిన్ మాత్రల వల్ల ఒరిగేది లేకపోగా, అవి థైరాయిడ్ వంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తాయి. పరీక్షలకు వెళ్లినప్పుడు వాటిని వాడుతున్నట్టు చెప్పండి.

ఫలితం విషయంలో ఎంత ఆశించాలో కూడా ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. గ్రాఫ్టు అంటే ఒక్క వెంట్రుక కాదు, సహజంగా కలిసి ఉండే ఒకటి నుంచి నాలుగు వెంట్రుకల గుచ్ఛం. 2,800 గ్రాఫ్టులంటే సగటున రెండు చొప్పున వేసుకున్నా 5,600 వెంట్రుకలు. కొన్నిచోట్ల వెంట్రుకల లెక్కనే గ్రాఫ్టుల లెక్కగా చెబుతారు కాబట్టి, ఒకటి, రెండు, మూడు వెంట్రుకలవి ఎన్నెన్ని నాటారో తెలిపే పట్టికను మీ క్లినిక్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బట్టతల లేని తలలో ఒక చదరపు సెంటీమీటరులో సుమారు 65 నుంచి 85 గుచ్ఛాలుంటే, మార్పిడిలో సాధారణంగా నాటేది 30 నుంచి 45. అంటే పూర్వపు ఒత్తుదనంలో సగం. ఆ సగమే చూసేవారి కంటికి నిండుగా అనిపించేలా అమర్చడంలో శస్త్రవైద్యుడి నేర్పు ఉంటుంది. జుట్టు నలుపుకూ చామనఛాయ చర్మానికీ మధ్య రంగు తేడా తక్కువ కావడం మనవారికి కలిసివచ్చే అంశం. అయినా తల తడిసినప్పుడు, నడినెత్తి మీద నేరుగా దీపం పడినప్పుడు చర్మం కనిపిస్తుంది, దాన్ని లోపంగా భావించకండి. మీ లెక్క ప్రకారం 2,800 గ్రాఫ్టులు 70, 80 చదరపు సెంటీమీటర్లకు సరిపోతాయి. బట్టతల ముదిరితే 200 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది, వెనుక నుంచి జీవితకాలంలో సురక్షితంగా తీయగలిగినవి చాలామందిలో 5,000, 6,000 గ్రాఫ్టులకు మించవు. సగం నిల్వ ఇప్పటికే ఖర్చయింది. మిగిలినదాన్ని కాపాడుకోవడానికి మందే దారి. రెండో విడత ఆలోచన ఏడాది నిండకుండా చేయవద్దు, ఎవరు ఎంత తగ్గింపు ధర చూపినా సరే.

తల వెనుక మొద్దుబారడం సన్నని నరాలు తెగడం వల్ల వచ్చేది, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు చీమలు పాకినట్టు, దురదగా ఉంటుంది. రెండో నెల నుంచి నాలుగో నెల వరకు నాటిన చోట చిన్న చిన్న మొటిమలు రావచ్చు. కొత్త వెంట్రుక చర్మాన్ని చీల్చుకుని పైకి వచ్చేటప్పుడు కలిగేవి అవి. గిల్లకుండా గోరువెచ్చని నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డతో కాపడం పెడితే చాలావరకు తగ్గిపోతాయి, ఎక్కువైతే చూపించుకోండి. ఆరు వారాలు దాటింది కాబట్టి హెల్మెట్ పెట్టుకోవచ్చు. మరీ బిగుతైనది కాకుండా, లోపల పలుచని నూలు గుడ్డతో, నేరుగా పై నుంచి పెట్టి నేరుగా పైకి తీయండి. వ్యాయామశాలకు, ఈతకు కూడా ఇప్పుడు అడ్డు లేదు. కొబ్బరినూనె రాసుకోవచ్చు గానీ గట్టిగా మర్దన చేయకండి, నూనె వల్ల జుట్టు త్వరగా మొలవదు. రంగు, గోరింటాకు ఇంకొన్నాళ్లు ఆగి, చర్మం మీద ఎరుపు పూర్తిగా పోయాక వేసుకోండి. ఎండలో మాత్రం కనీసం మూడు నెలలు జాగ్రత్త అవసరం. కొత్తగా మానిన చర్మం మన ఎండలకు త్వరగా నల్లబడుతుంది, ఆ నలుపు పోవడానికి నెలలు పడుతుంది. గొడుగో, వదులైన టోపీయో వాడండి. హైదరాబాద్‌లో బోరు నీటి వల్లే బట్టతల వచ్చిందని మీరు రాశారు. ఉప్పు ఎక్కువగా ఉన్న నీరు వెంట్రుకను గరుకుగా, పెళుసుగా చేస్తుంది, కానీ కణతల దగ్గర వెనక్కి జరుగుతూ పోయే ఈ రకం బట్టతలకు అది కారణం కాదు. మంచినీటి ట్యాంకరు తెప్పించుకున్నా ఈ జుట్టు ఆగేది కాదు.

తలనీలాల సంగతి మా దగ్గరకు వచ్చే తెలుగువారిలో చాలామంది అడుగుతారు, అడగడానికి మొహమాటపడేవారూ ఉన్నారు. గుండు చేయించుకోవడం వల్ల నాటిన కుదుళ్లకు హాని లేదు, ఎందుకంటే కత్తి చర్మం పైభాగాన్నే తాకుతుంది. అదే కారణంగా గుండు వల్ల జుట్టు ఒత్తుగా మొలుస్తుందన్న నమ్మకం కూడా నిజం కాదు. ఇబ్బందల్లా చర్మంతోనే. కొత్త మొలకలు, మొటిమలు ఉన్నప్పుడు కత్తి గాటు పడితే చీము పట్టవచ్చు. అందుకే ఆరు నెలల లోపు కత్తి పెట్టవద్దంటాను. ఏడాది ఫలితం చూసుకుని, ఫోటోలు తీసుకుని, ఆ తరువాత మొక్కు తీర్చుకుంటే ఇంకా మంచిది. గుండు చేయించుకున్నప్పుడు తల వెనుక ఎఫ్‌యూఈ చేసిన చోట తెల్లని చిన్న చుక్కలు కనిపిస్తాయి, పట్టీలా చర్మం కోసి తీసే ఎఫ్‌యూటీ అయితే ఒక గీత కనిపిస్తుంది. అవి ఎప్పటికీ ఉండేవే.

ఇంతవరకు చెప్పినవి ఓపిక పట్టవలసినవి. ఓపిక పట్టకూడనివి కూడా ఉన్నాయి. నాటిన చోట చర్మం నల్లగా లేదా బూడిద రంగులోకి మారి గట్టిపడటం, చీము, దుర్వాసన, జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి కనిపిస్తే అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. చర్మం నల్లబడటం రక్తప్రసరణ ఆగి కణజాలం చనిపోతోందనడానికి గుర్తు కావచ్చు, సాధారణంగా అది మొదటి రోజుల్లోనే మొదలవుతుంది. తల మీద ఎర్రని అంచులతో, పొలుసులతో, కుదుళ్ల రంధ్రాలే మాయమై నున్నగా మారే మచ్చలు ఏర్పడుతుంటే అది వేరే వ్యాధి, చర్మపు ముక్క తీసి పరీక్ష చేయవలసి రావచ్చు. ఆరో నెల దాటినా కొత్త మొలకలు దాదాపు కనిపించకపోతే, అప్పుడు శస్త్రచికిత్స చేసినవారితో పాటు దానితో సంబంధం లేని ఇంకొక చర్మవైద్యుడికీ ఫోటోలతో సహా చూపించండి. మధ్యలో డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరం వస్తే రెండు మూడు నెలల తరువాత తలంతా జుట్టు రాలుతుంది. దాన్ని మార్పిడి వైఫల్యంగా పొరబడవద్దు.

ఇక మీ తమ్ముడి విషయం. 22 ఏళ్లకు బట్టతల ఎంతవరకు పోతుందో ఊహించడం కష్టం. ఇప్పుడే చిన్నప్పటి నుదుటి గీతను తిరిగి గీయించుకుంటే వెనుక నిల్వ అంతా అక్కడే ఖర్చై, ముప్ఫై ఐదేళ్లకు నడినెత్తిలో నాటడానికి ఏమీ మిగలదు. ముందుగా చర్మవైద్యుడి దగ్గర రోగ నిర్ధారణ చేయించి, కనీసం ఏడాది మందులు వాడి, ఎంత నిలుస్తుందో చూడనివ్వండి. పేనుకొరుకుడు, తలంతా ఒకే తీరుగా వెనుక భాగంతో సహా పలచబడే రకం ఉన్నవారికి మార్పిడి సరైన చికిత్స కాదు. చేయించుకునే రోజు వచ్చినప్పుడు వైద్యుడి అర్హతను అడగడానికి వెనుకాడవద్దు. ఈ శస్త్రచికిత్స చేసేవారికి చర్మవైద్యంలోనో, ప్లాస్టిక్ సర్జరీ వంటి శస్త్రవిభాగంలోనో క్రమబద్ధమైన శిక్షణ ఉండాలని, కార్యశాలల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. నుదుటి గీత గీసేది, కుదుళ్లు తీసేది, గాట్లు పెట్టేది ఎవరో, మత్తు ఇంజెక్షను మోతాదు లెక్క చూసేది ఎవరో, అత్యవసరమైతే ఆక్సిజన్, గుండె కొట్టుకునే తీరును చూపే పరికరం ఆ గదిలో ఉన్నాయో లేదో అడగాలి. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి ఈ శస్త్రచికిత్స చేయించుకుని ప్రాణాలు కోల్పోయాడు. ప్రాణాపాయం చాలా అరుదే గానీ, ఒకే రోజు నాలుగైదు వేల గ్రాఫ్టులు అని ప్రకటించే చోట మత్తుమందు మోతాదు కూడా ఆ మేరకు పెరుగుతుందని మరువకూడదు. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు, వాడే మందులు, పొగ అలవాటు అన్నీ ముందే చెప్పాలి. రక్తం పలుచబరిచే మాత్రలను, వాటిని రాసిన వైద్యుడిని అడగకుండా సొంతంగా ఆపకూడదు.

మీకు ఆ దశ దాటిపోయింది గానీ, మీ తమ్ముడు చేయించుకునే రోజు వస్తే ఇది కూడా తెలిసి ఉండాలి: నాటిన తరువాత మొదటి పది రోజులే గ్రాఫ్టుల భవిష్యత్తును నిర్ణయిస్తాయి. మొదటి నాలుగైదు రాత్రులు రెండు మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. తల వంచి బూట్ల తాళ్లు కట్టుకోవడం, బరువులెత్తడం కూడదు. రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు నుదురు, కళ్ల చుట్టూ వాపు దిగడం చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, అది దానంతట అదే తగ్గుతుంది. ఐసు పెట్టాలనుకుంటే నుదుటి మీదే గానీ నాటిన చోట పెట్టకూడదు. వైద్యుడు చెప్పిన వ్యవధిలో సెలైన్ చల్లుతూ, తల స్నానం మొదలుపెట్టమన్న రోజు నుంచి షవరు ధార నేరుగా పడకుండా చెంబుతో మెల్లగా నీళ్లు పోస్తూ, నురగను అద్దుతూ కడగాలి. పక్కులను గోటితో తీయకూడదు. పది రోజులు దాటాక వేలి మెత్తని భాగంతో తడిపి రుద్దితే అవే ఊడివస్తాయి, అప్పటికి కుదురు గట్టిగా పట్టుకుని ఉంటుంది. రెండు మూడు వారాలు హెల్మెట్ పెట్టకూడదు, అంటే ఆ రోజుల్లో బండే తీయకూడదు. హెల్మెట్ లేకుండా నడపడం ప్రత్యామ్నాయం కాదు కాబట్టి మెట్రోనో, బస్సునో, ఇంటి నుంచే పని చేసే వీలునో ముందుగా చూసుకోవాలి. ఈలోగా కారు తలుపుకో, అల్మరా అంచుకో తల తగిలి రక్తం వస్తే, శుభ్రమైన గాజుగుడ్డతో రుద్దకుండా ఐదు పది నిమిషాలు మెత్తగా అదిమిపట్టాలి. గ్రాఫ్టు పైకి వచ్చినట్టు కనిపిస్తే దాన్ని తిరిగి లోపలికి గుచ్చే ప్రయత్నం చేయకుండా వెంటనే శస్త్రవైద్యుడికి ఫోన్ చేయాలి.